తేదీ చెబితే వారం చెప్పడం ఎలా: విశాఖ తేదీలతో ఒక చిన్న అభ్యాసం

పంద్రాగస్టు ఏ వారం వస్తే టీచర్స్ డే కూడా ఆ వారమే వస్తుంది. చిల్డ్రన్స్ డే కూడా అంతే. ఏ ఏడాదైనా సరే, తేడా రాదు. నమ్మకం కుదరకపోతే గోడకున్న క్యాలెండర్ తిప్పి చూడండి. 2026లో ఆగస్టు 15, సెప్టెంబరు 5, నవంబరు 14 మూడూ శనివారాలే.

ఇందులో మాయేం లేదు. ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 5కి 21 రోజులు. అక్కడి నుంచి నవంబరు 14కి 70 రోజులు. రెండూ ఏడో ఎక్కంలో ఉన్నవే. వారాలు ఏడేగా, ఏడు పూర్తవగానే మళ్లీ అదే వారం. తేదీ చెప్పగానే వారం చెప్పే విద్య మొత్తం ఈ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

రైల్వే, బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకున్నవాళ్లకి రీజనింగ్‌లో ‘ఆడ్ డేస్’, అంటే ఏడులు తీసేయగా మిగిలే రోజులు లెక్కపెట్టే పద్ధతి తెలిసే ఉంటుంది. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కాగితం మీద బాగానే వస్తుంది. గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి చేయబోతే మాత్రం మధ్యలో ఏదో ఒక అంకె జారిపోతుంది. గుర్తుంచుకోవాల్సినవి ఎక్కువ, పట్టుకోవడానికి దొరికేవి తక్కువ. అందుకని ఇక్కడ చెప్పేది జాన్ కాన్వే అనే బ్రిటిష్ గణితవేత్త తయారుచేసిన పద్ధతి. కాన్వే తన కంప్యూటర్‌ని తెరిచినప్పుడల్లా అది ఏవో తేదీలు అడిగేలా పెట్టుకుని సాధన చేసేవాడు. సాధారణంగా రెండు సెకన్లలోపే జవాబు చెప్పేసేవాడట. మనకంత తొందర అక్కర్లేదు. అరనిమిషంలో తప్పు లేకుండా చెప్పినా చుట్టుపక్కల వాళ్లు నోరు తెరుస్తారు.

ముందు వారాలకు అంకెలు

ఆది అంటేనే మొదలు. అందుకని ఆదివారం సున్నా. సోమ ఒకటి, మంగళ రెండు, బుధ మూడు, గురు నాలుగు, శుక్ర ఐదు, శని ఆరు.

వీటిని బట్టీ పట్టకండి, చేతికి అలవాటు చేయండి. పిడికిలి మూస్తే ఆది. ఒక వేలు తెరిస్తే సోమ. చెయ్యి మొత్తం తెరిస్తే శుక్ర. రెండో చేతి బొటనవేలు కూడా వస్తే శని. రెండు రోజులు ఇలా చేస్తే ‘నాలుగు’ అని వినగానే ‘గురువారం’ అని తడుతుంది. మన వైపు లక్ష్మివారం అనే అలవాటుంటే అలాగే అనుకోండి, అంకె మాత్రం నాలుగే.

తర్వాత నెలకో లంగరు

ప్రతి ఏడాదికీ ఒక వారం ఉంటుంది. ఆ ఏడాదిలో కొన్ని తేదీలు కచ్చితంగా ఆ వారం మీదే పడతాయి. కాన్వే దీనికి ‘డూమ్స్‌డే’ అని పేరు పెట్టాడు, అంటే ప్రళయదినం. మనది హార్బర్ ఉన్న ఊరు కదా, లంగరు అందాం. నెలకొక చోట లంగరు వేస్తే, అక్కడి నుంచి ముందుకో వెనక్కో నాలుగడుగులు వేసి కావలసిన తేదీకి చేరుకోవచ్చు.

సరి నెలలు సులువు. ఏప్రిల్ 4, జూన్ 6, ఆగస్టు 8, అక్టోబరు 10, డిసెంబరు 12. నెల అంకె ఎంతో తేదీ అంతే. 4-4, 6-6, 8-8, 10-10, 12-12.

బేసి నెలలు జంటలుగా వస్తాయి. మే 9, సెప్టెంబరు 5 ఒక జంట. జూలై 11, నవంబరు 7 ఇంకో జంట. 9-5ని తిరగేస్తే 5-9, 11-7ని తిరగేస్తే 7-11. సెప్టెంబరు 5 ఎలాగూ టీచర్స్ డే కాబట్టి మొదటి జంటను మరిచిపోవడం కష్టం.

మార్చికి 7 లేదా 14, మీకు ఏది బాగుంటే అది. మిగిలినవి జనవరి, ఫిబ్రవరి. మామూలు ఏడాదిలో జనవరి 3, ఫిబ్రవరి 28. లీపు ఏడాదిలో జనవరి 4, ఫిబ్రవరి 29. ఈ రెండు నెలలే అందరినీ బోల్తా కొట్టిస్తాయి. వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఇక్కడ ఆగండి. ఏడాదుల లెక్కలోకి దూకేయకుండా ఒక వారం పాటు ఒక్క ఏడాదితోనే ఆడండి. నేను ఈ పని చేయకుండా నేరుగా పాత తేదీల మీద పడ్డాను, నెల రోజులు తికమక పడ్డాను. 2026లో సెప్టెంబరు 5 శనివారం అని మొదట్లోనే చూశాం కదా, అంటే ఆ ఏడాది లంగరు శనివారం, దానితోనే మొదలుపెట్టండి.

గాంధీ జయంతి చూడండి. అక్టోబరు 10 శని అంటే 3 కూడా శని. కాబట్టి 2 శుక్రవారం. మే డే అయితే మే 9 శని, 2 శని, 1 శుక్రవారం. క్రిస్మస్‌కి డిసెంబరు 12 శని, 19 శని, 26 శని, అందుకని 25 శుక్రవారం. నేవీ డే డిసెంబరు 4. 5 శని కాబట్టి అదీ శుక్రవారమే. బీచ్ రోడ్డులో విన్యాసాలు పెడితే ఆ సాయంత్రం బండి పెట్టడానికి చోటు దొరకదు, ముందే తెలిస్తే మంచిది. రాష్ట్ర అవతరణ నవంబరు 1కి, నవంబరు 7 శని అయితే అంతకు ఏడు రోజుల ముందు అక్టోబరు 31 కూడా శనే, మర్నాడు ఆదివారం.

చూశారుగా, ఏడేసి రోజులు దూకి దగ్గరికి వెళ్లడం, ఆ తర్వాత ఒకటో రెండో అడుగులు. వేళ్ల మీద ముప్ఫై లెక్కపెట్టే అవసరం ఎప్పుడూ రాకూడదు. వస్తోందంటే ఏడేసి దూకడం మరిచిపోయారన్నమాట.

ఇప్పుడు ఏడాది లంగరు

ఇది మూడు అంకెలు కలపడమే. ఏడాదిలో చివరి రెండంకెలు తీసుకోండి. దాన్ని నాలుగుతో భాగించి, శేషం వదిలేసి, వచ్చింది కలపండి. దానికి శతాబ్దం అంకె కలపండి. 1900లకు 3, అంటే బుధవారం. 2000లకు 2, అంటే మంగళవారం. మొత్తంలోంచి ఏడులు తీసేస్తే మిగిలేదే లంగరు.

నాలుగుతో భాగించడం ఎందుకంటే, మామూలు ఏడాదికి 365 రోజులు, అంటే 52 వారాల మీద ఒక రోజు. అందుకే ఏటా లంగరు ఒక రోజు ముందుకు జరుగుతుంది. నాలుగేళ్లకోసారి లీపు వల్ల ఇంకో రోజు అదనంగా జరుగుతుంది. ఎన్నేళ్లు గడిచాయో, వాటిలో ఎన్ని లీపులున్నాయో, అదే మనం కలుపుతున్నది.

హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకిన రోజు 2014 అక్టోబరు 12. చివరి రెండంకెలు 14. నాలుగుతో భాగిస్తే 3. కలిపితే 17. శతాబ్దం అంకె 2 కలిపితే 19. పద్నాలుగు తీసేస్తే 5. లంగరు శుక్రవారం. అక్టోబరు 10 శుక్ర, 11 శని, 12 ఆదివారం. ఆ రోజు ఇంట్లో కిటికీ తలుపులకు నవారు కట్టి పట్టుకుని కూర్చున్నవాళ్లెవరినైనా అడగండి, ఆదివారమనే చెబుతారు.

చిన్న అంకెలకు ఇది సరే. 71, 78 లాంటివి వస్తే? అక్కడ ఒక కిటుకుంది. ఇరవై ఎనిమిదేళ్లకోసారి క్యాలెండర్ మళ్లీ అదే వస్తుంది. అందుకని రెండంకెల్లోంచి ముందే 28, 56, 84లలో ఇమిడేదాన్ని తీసేయండి. మిగిలిన చిన్న అంకెతో పని చేయండి. ఇలా అయితే పెద్ద కూడికలే ఉండవు. అన్నట్టు మీ అటక మీద 1998 క్యాలెండర్ ఉంటే పారేయకండి, 2026కి అచ్చంగా సరిపోతుంది. పండుగలూ తిథులూ మాత్రం కుదరవు.

మన షిప్‌యార్డులో కట్టిన ‘జల ఉష’ని నెహ్రూ సముద్రంలోకి దింపింది 1948 మార్చి 14న. 48లోంచి 28 పోతే 20. నాలుగో వంతు 5 కలిపితే 25. శతాబ్దం 3 కలిపితే 28. ఏడులు తీసేస్తే సున్నా, ఆదివారం. మార్చి 14 లంగరు తేదీయే కాబట్టి ఇంకేం చేయక్కర్లేదు. ఆదివారం నాడు దిగిందా ఓడ.

ఇంకోటి. అల్లూరి సీతారామరాజుని కొయ్యూరు దగ్గర కాల్చి చంపింది 1924 మే 7న. ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైంది 2020 మే 7న. తేదీ ఒకటే, వారాలు వేరు. 1924కి 24, 6, 3 కలిపితే 33, ఏడులు పోతే 5, శుక్రవారం. మే 9 శుక్రవారం కాబట్టి 7 బుధవారం. 2020కి 20, 5, 2 కలిపితే 27, ఏడులు పోతే 6, శనివారం. మే 9 శని, 7 గురువారం.

ఇప్పుడు మీరు చేయండి, నేను జవాబు ఒక పేరా కింద పెడతాను. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యమంలో విశాఖలో కాల్పులు జరిగిన 1966 నవంబరు 1. ఫ్యాక్టరీకి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన 1971 జనవరి 20. బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ నేవీలో చేరిన 1969 డిసెంబరు 18.

పాత తేదీలు కావాలంటే 1800లకు శతాబ్దం అంకె 5. మీరట్‌లో తిరుగుబాటు మొదలైన 1857 మే 10కి, 57లోంచి 56 పోతే 1, దానికి నాలుగో వంతు సున్నా, 5 కలిపితే 6, శనివారం. మే 9 శని, 10 ఆదివారం. చరిత్ర పుస్తకాలూ ఆదివారమనే చెబుతాయి. అంతకన్నా వెనక్కి, ముఖ్యంగా 1752 కంటే పాత తేదీలకి వెళ్తే జాగ్రత్త. ఆ ఏడు ఇంగ్లీషువాళ్లు సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14కి దూకి క్యాలెండర్ మార్చుకున్నారు. అందుకని భీమిలి డచ్చి సమాధుల దగ్గర నిలబడి ఈ విద్య ప్రదర్శించకండి. ఆ తేదీ చెక్కినవాళ్లు ఏ క్యాలెండర్ వాడారో ముందు తేలాలి.

జవాబులు: మంగళవారం, బుధవారం, గురువారం.

లీపు ఏడాది జనవరి, ఫిబ్రవరి

2016లో మన బీచ్‌లో ఇంటర్నేషనల్ ఫ్లీట్ రివ్యూ జరిగింది గుర్తుందా? రాష్ట్రపతి యుద్ధనౌకల వరసను చూసింది ఫిబ్రవరి 6న. ఒకసారి టీ కొట్టు దగ్గర ఆ మాటొస్తే, నేను గర్వంగా “ఆదివారం” అన్నాను. పక్కనున్న ఫ్రెండు “కాదు గురూ, శనివారం. నేను పర్మిషన్ పెట్టుకుని మరీ వెళ్లాను” అన్నాడు. ఫోన్ తీసి చూపించాడు కూడా. ఆ తర్వాత టీ డబ్బులు నేనే ఇచ్చాను.

ఏం జరిగిందంటే, 2016 లంగరు సరిగ్గానే తీశాను. 16, 4, 2 కలిపితే 22, ఏడులు పోతే 1, సోమవారం. ఫిబ్రవరి లంగరు దగ్గర అలవాటుగా 28 అనుకున్నాను. 28 సోమ, 21 సోమ, 14 సోమ, 7 సోమ, కాబట్టి 6 ఆదివారం. కానీ 2016 లీపు. లంగరు 29న పడాలి. 29, 22, 15, 8, 1 సోమవారాలు. 1 సోమ అయితే 6 శనివారం.

అప్పటి నుంచి నేను పాటిస్తున్నది ఒకటే. తేదీ వినగానే, ఏడాది లెక్క మొదలుపెట్టకముందే, నెల జనవరో ఫిబ్రవరో అయితే బొటనవేలు మడుస్తాను. మడిచిన వేలు కనబడుతుంటే లంగరు తీశాక “ఇది లీపా?” అని అడగడం మరిచిపోను. చివరి రెండంకెలు నాలుగుతో పోతే లీపు. 1800, 1900, 2100 మాత్రం లీపు కావు, 2000 లీపు. మిగతా పది నెలల్లో ఈ గొడవే లేదు.

ఎక్కడ సాధన చేయాలి

కాగితం మీద చేయకండి. కాగితం ముందుంటే బుర్ర పని మానేస్తుంది. ముందు వెళ్లే ఆటో నంబరు చూడండి. చివరి రెండంకెల్ని 1900లలో ఒక ఏడాదిగా తీసుకుని లంగరు చెప్పండి. చివర 47 ఉంటే, 28 తీస్తే 19, నాలుగో వంతు 4, మొత్తం 23, మూడు కలిపితే 26, ఏడులు పోతే 5, శుక్రవారం. అది స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. ఆగస్టు 15 లంగరు తేదీ కాబట్టి, స్వాతంత్ర్యం వచ్చింది శుక్రవారం నాడు. నేను ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి తాటిచెట్లపాలెం వచ్చేలోగా పది ఆటోలు అని పెట్టుకున్నాను. మొదటి వారం నాలుగు కూడా అయ్యేవి కావు.

లంగరు తీయడం ఒక పని, తేదీకి చేరడం ఇంకో పని. రెండూ కలిపి ఒకేసారి సాధన చేస్తే ఏది తప్పిందో తెలియదు. పొద్దున ఆటోలతో లంగర్లు, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఈ ఏడాది తేదీలు. పదిహేను రోజుల తర్వాత కలపండి.

తర్వాత ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు. ఇవి బాగా గుర్తుంటాయి, తప్పితే సరిదిద్దేవాళ్లూ ఉంటారు. షష్టిపూర్తి చేసుకోబోయేవాళ్లు దొరికితే ఒక సులువైన ఆట ఉంది. అరవై ఏళ్లంటే అరవై రోజుల జరుగుడు, పదిహేను లీపులు, మొత్తం 75. ఏడులు పోతే 5. అంటే ఇంగ్లీషు తేదీ ప్రకారం సోమవారం పుట్టినవాళ్లకి అరవై నిండేది ఎప్పుడూ శనివారమే. పుట్టిన వారానికి రెండు వెనక్కి వెళ్తే చాలు. మధ్యలో 2100 రాకూడదు, అంతే. తిథి ప్రకారం చేసే వేడుక వేరే రోజు రావచ్చు, దానికి నా పూచీ లేదు.

కాన్వే సంగతి ఒకటి చెప్పాలి, దీనితో చేసి చూడండి. ఆయన పుట్టింది 1937 డిసెంబరు 26. పోయింది 2020 ఏప్రిల్ 11. డిసెంబరు 12కి పద్నాలుగు కలిపితే 26, ఏప్రిల్ 4కి ఏడు కలిపితే 11. రెండూ ఆయన లంగరు తేదీలే. కావాలని చేసినట్టుంటుంది కదా. 2004 సునామీ వచ్చిందీ డిసెంబరు 26నే. 4, 1, 2 కలిపితే 7, సున్నా, ఆదివారం. ఇక్కడ బీచ్‌లో నీళ్లు వెనక్కి పోయాయని జనం చూడ్డానికి పరిగెత్తిన ఉదయం అది.

మీరు చెప్పిన వారం కాదని పెద్దవాళ్లు అంటే

లెక్క సరిగ్గా వచ్చినా గొడవ రావచ్చు. మా అత్త కూతురు పుట్టింది 1978 డిసెంబరు 15. పోయిన ఏడు అత్త ముందు లెక్క కట్టి చూపించాను. 78లోంచి 56 పోతే 22, నాలుగో వంతు 5, మొత్తం 27, మూడు కలిపితే 30, ఏడులు పోతే 2, మంగళవారం. డిసెంబరు 12 మంగళ, 15 శుక్రవారం.

“ఏటి నాయినా, కన్నదాన్ని నేను,” అంది అత్త. “మార్గశిర లక్ష్మివారం నాడు పుట్టింది. బురుజుపేట అమ్మవారి దర్శనం చేసుకుని మీ మావయ్య కుంకం తెచ్చేడు, అప్పుడే నొప్పులొచ్చేయి.”

ఫోన్‌లో చూశాను. శుక్రవారమే చూపించింది. అత్త ఆ ఫోన్ వైపు కూడా చూడలేదు. లెక్క మళ్లీ మొదటి నుంచి చేశాను, అదే వచ్చింది. చివరికి అడగాల్సిన ప్రశ్న తట్టింది. “అత్తా, పుట్టినప్పుడు టైమెంత?”

“తెల్లారగట్ల మూడు.”

గడియారానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. పంచాంగానికి వారం సూర్యోదయంతో మారుతుంది. డిసెంబరులో విశాఖలో ఆరు దాటితే గానీ సూర్యుడు రాడు. మూడింటికి తేదీ 15కి వచ్చేసింది, వారం మాత్రం ఇంకా లక్ష్మివారమే. జాతకం రాసిన సిద్ధాంతి గురువారం అనే రాశాడు. బర్త్ సర్టిఫికెట్‌లో 15 అని ఉంది. ఇద్దరూ కరెక్టే.

కాబట్టి పుట్టిన వారం ఎవరైనా అడిగితే ముందు పుట్టిన టైము అడగండి. అర్ధరాత్రికీ తెల్లవారడానికీ మధ్యనైతే రెండు వారాలూ చెప్పండి, క్యాలెండర్‌కి ఇది, పంచాంగానికి ముందు రోజుది అని. అత్తకి ఈ మాట చెబితే, “అదే కదా నే చెప్పింది” అంది.